మూడు శాతం నీళ్లు

రొయ్యల గుంటల నీళ్లకు నాడి చూడటం నా పని.
జువ్వలదిన్నె నుంచి, ఇస్కపల్లి నుంచి
తెల్లారేసరికి సీసాలొస్తాయి,
ఒక్కోదాని మీద రైతు పేరు రాసిన ప్లాస్టరు ముక్క.
ఉప్పెంత, అమ్మోనియా ఎంత,
చుక్క వేసి, రంగు చూసి, ఫోన్లో చెప్పేస్తాను:
"పెంచలయ్యా, నీ నీళ్లు చూపుకి బానే ఉన్నాయి.
చూపుని నమ్మొద్దు.
రాత్రికి ఏరేటర్లు ఆపొద్దు."

అట్లాంటి నేను
ఐదేళ్లుగా నా కారు బానెట్ కింద
అరచేతిలో పట్టే తెల్ల డబ్బాని
ఎట్లున్నావని ఒక్కసారీ అడగలేదు.

బద్వేలు నుంచి పిన్నమ్మని తీసుకొస్తున్నా,
నెల్లూరులో కళ్లాపరేషన్‌కి.
సీతారామపురం ఘాట్ దిగుతున్నాం.
మొదటి మలుపులో బానే ఆగింది.
ఐదో మలుపుకి పెడల్ కాస్త లోతుకెళ్లింది.
తొమ్మిదో దాంట్లో,
ఎండిందనుకున్న గుంటలో అడుగేస్తే
మోకాలిదాకా దిగబడినట్టు
మెత్తగా, చప్పుడు లేకుండా
నేలదాకా పోయింది.

గేరు రెండుకి. ఒకటికి.
చేతి బ్రేకు కొద్దికొద్దిగా, కోడిపిల్లని పట్టుకున్నట్టు.
కొండవైపు మట్టికట్టకి మూతి ఆనించి ఆగింది బండి.
వెనకసీట్లోంచి పిన్నమ్మ, శుక్లాల కళ్లతో,
"టీ కొట్టా అమ్మా?" అంది.
"అవును పిన్నమ్మా, జనం ఎక్కువున్నారు, దిగొద్దు" అన్నాను.
నా కాళ్లు వేరెవరివో అయినట్టు వణుకుతున్నాయి.
అరగంటకి చల్లారి, పెడల్ మళ్లీ గట్టిపడింది
ఏమీ ఎరగనట్టు.
నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

కావలి, ఉదయగిరి రోడ్డులో జిలానీ బాషా షెడ్డు.
డబ్బా మూత చుట్టూ గుడ్డతో తుడిచి, అప్పుడు తీశాడు.
"మార్చి ఎన్నేళ్లయిందమ్మా?"
"మార్చాలా? తగ్గితే కదా పోసేది?"
ఆయన నవ్వలేదు, అది ఆయన మర్యాద.
"ఇది నూనె గాదమ్మా.
నూనెయితే నీళ్లని దూరం పెడతాది,
ఇది పిలిచి కూర్చోబెట్టుకుంటాది.
మనది సముద్రపు గాలి.
మూతపెట్టిన ఉప్పు చెమ్మగిల్లటంలా, అట్టనే ఇదీ.
ఘాట్‌లో చక్రం కాలితే ఆ నీళ్లు ఉడికి ఆవిరైతాయి.
అప్పుడు నువ్వు తొక్కేది బ్రేకు గాదు, బుడగ."

పెన్నులాంటిది తీసి ముంచాడు.
ల్యాబులో నా మీటరుకి తమ్ముడిలా ఉంది.
పచ్చ లైటు ఉలకలేదు,
ఎర్రది వెలిగింది.
"మూడు శాతం దాటింది."

నూటికి మూడు.
అంత చిన్న అంకెకే గుంటలు గుంటలు
తెల్లారేసరికి తేలిపోవడం చూసినదాన్ని,
నోరెత్తలేకపోయాను.

పాతది సీసాలోకి తీసి చూపించాడు:
మూడోసారి మరగబెట్టిన డికాషన్.
పక్కన కొత్తది, పల్చటి తేనె.
"ఓహో, నల్లబడితే మార్చాలన్నమాట" అన్నాను తెలివిగా.
"రంగుని నమ్మొద్దమ్మా. తెల్లగుండేది గూడా తడిసుంటాది.
రెండేళ్లు. రాసుకో."
నా మాటే ఆయన నోట్లోంచి
గ్రీజు అంటుకుని తిరిగొచ్చింది.

కుర్రాడు ఐటీఐ పరీక్షకి పోయాడట,
సీట్లో నన్నే కూర్చోమన్నాడు.
ఎడమ వెనక చక్రం దగ్గర మొదలు.
నాకాయన కనపడడు, గొంతే:
"తొక్కు... పట్టు... వదలొద్దు... ఊఁ, ఇప్పుడు వదులు."
సన్నగొట్టంలో ముందు నలుపు,
నలుపు వెనక బుడగలు,
వాటి వెనక చాలాసేపటికి తేనెరంగు వచ్చిందట.
నేను చూడలేదు.
అరికాలికి తెలిసింది.

నా సంచిలోని ప్లాస్టరు ముక్క మీద
తారీఖు రాసి డబ్బాకి అంటించాను.
రైతు పేరు ఉండాల్సిన చోట నా పేరు.

నెలకి పిన్నమ్మని దిగబెట్టను మళ్లీ ఘాటెక్కాం.
కొత్తకళ్లు కదా, ప్రతి చెట్టునీ పేరుపెట్టి పిలుస్తోంది.
మట్టికట్ట దగ్గర బండి ఆపమంది.
అటూ ఇటూ చూసి
"ఇక్కడే కదే, టీ కొట్టు?"

"ఎత్తేశారు" అన్నాను.
కాలికింద పెడల్ రాయిలా ఉంది.